‘ఎలుకల్లో’ అన్న మాట ఎక్కడ రాలిపోయింది?

ఫిల్మ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు అమ్మాయి టీవీ సీరియళ్ళలో చేస్తుంది. హీరోయిన్‌ను రాచిరంపాన పెట్టే ఆడపడుచు వేషాలే ఎక్కువ. బయట మాత్రం నోట్లో నాలుక లేని పిల్ల. మొన్నొక ఆదివారం పొద్దున్నే జుట్టు ముడేసుకుని వచ్చి మా తలుపు కొట్టింది. చేతిలో చిన్న గాజు సీసా ఉంది.

“ఆంటీ, మీరు తిండి సైన్సు చదివిన్రు గదా. జర ఇది మంచిదో కాదో చూసి చెప్పుండ్రి.”

కళ్ళజోడు తెచ్చుకున్నాను. 30 మిల్లీలీటర్లు, 2,400 రూపాయలు. పసుపు సారం, ఉసిరి సారం, దాల్చినచెక్క సారం. వయసును వెనక్కి తిప్పుతుందట. శాస్త్రీయంగా నిరూపితమట. ఆ అక్షరాల కింద, మూలగా, గెంతుతున్న కుందేలు బొమ్మ ఉంది. అంటే, జంతువుల మీద పరీక్షించలేదని గుర్తు.

నాకు నవ్వాగలేదు. పసుపు, దాల్చినచెక్క ముసలితనాన్ని ఆలస్యం చేస్తాయనడానికి నేను జీవితమంతా చదివిన సాక్ష్యంలో పెద్ద వాటా ఎలుకలదే. జంతువులను తాకలేదని ప్రమాణం చేస్తున్న సీసా, ఆ ఎలుకల పుణ్యమా అనే అమ్ముడుపోతోంది.

“నీకు ఇరవయ్యారేళ్ళు. ముడతలెక్కడివే?” అన్నాను.

“రాకముందే ఆపాల్నంట ఆంటీ. క్లోజప్ పెడితే కండ్ల కింద గీతలు పడుతున్నయంటున్నరు.”

ఆ పిల్లకు ఆ రోజు చెప్పింది కొంచెమే. చెప్పకుండా మిగిలిందంతా ఇక్కడ రాస్తున్నాను.

మాది గుంటూరు జిల్లా దుగ్గిరాల. పసుపు యార్డు ఉన్న ఊరు. మా మామ్మ పెళ్ళయిన దగ్గర్నుంచీ పసుపులోనే బతికింది. తవ్విన కొమ్ములు ఉడకబెట్టడం, కళ్ళంలో ఆరబోయడం, సాయంత్రం కుప్ప చేయడం, పొద్దున్నే మళ్ళీ పరవడం. ఆమె అరచేతుల పచ్చదనం సబ్బుకు పోయేది కాదు. రోజూ ఒంటికి పసుపు రాసుకునే స్నానం చేసేది. పసుపుతో వయసు ఆగేటట్టయితే లోకంలో అందరికన్నా ముందు మా మామ్మకు ఆగాలి. యాభై ఏళ్ళకే ఆమె ముంజేతులు ఎండిన తాటాకులా ముడతలు పడ్డాయి. ఎండ ఒక పక్క పని చేస్తుంటే పసుపు ఒక్కతే ఏం చేస్తుంది?

ఆ చేతులు చూస్తూ పెరిగి, 1981లో హైదరాబాదు సైఫాబాద్ హోమ్‌సైన్స్ కాలేజీలో చేరాను. ఎమ్మెస్సీ అయ్యాక ముప్పై ఏళ్ళు ఫుడ్ కెమిస్ట్రీ పాఠం చెప్పాను. మా బోటివాళ్ళకు గుడి తార్నాకలో ఉంది. పేరు జాతీయ పోషకాహార సంస్థ, అందరూ పిలిచేది ఎన్ఐఎన్ అని. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు ఒకే ఒక్క గదిలో మొదలుపెట్టిన సంస్థ అది. 1958లో హైదరాబాదు వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఇవాళ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో మెట్రో ఎక్కితే నేరుగా తార్నాకలో దిగొచ్చు. రైలు మారే పని కూడా లేదు. ఆ చివర ప్రయోగశాలలు, ఈ చివర స్కిన్ క్లినిక్కులు. విషయం మాత్రం అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చేసరికి ఒక మాట దారిలో రాలిపోతోంది. నా గొడవంతా ఆ ఒక్క మాట గురించే.

తిండికీ చర్మానికీ సంబంధం లేదని నేనెప్పుడూ అనను. ఆ సంబంధాన్ని మన ఊళ్ళోనే, మన కంచాల్లోనే పట్టుకున్నారు. దక్కను పీఠభూమిలో జొన్నరొట్టె మీదే బతికే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద, అంటే ఎండ తగిలే చోటల్లా, చర్మం నల్లబడి పెచ్చులు కట్టేది. మెడ చుట్టూ పట్టీలాగా వచ్చే ఆ మచ్చకు వైద్యులు కంఠహారమనే పేరు పెట్టారు. నయాసిన్ అనే విటమిన్ చాలకపోతే వచ్చే జబ్బు. మొక్కజొన్న తినే దేశాల్లో వస్తుందని లోకానికి తెలుసు. జొన్న తినేవాళ్ళకు ఎందుకొస్తోంది? 1960లో తార్నాక సంస్థ శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా లాన్సెట్ పత్రికలో ఒక జవాబు ప్రతిపాదించారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది ఒంట్లో నయాసిన్ తయారీకి అడ్డుపడుతోందన్నారు. దాని మీద తర్వాత చాలా ఏళ్ళు వాదోపవాదాలు నడిచాయి. గోపాలన్ నూరేళ్ళు బతికి 2019లో కన్నుమూశారు. ఆయన తరం వాళ్ళు చర్మం చూసి కంచంలో ఏముందని అడిగారు. ఇప్పటి వ్యాపారం చర్మం చూసి పర్సులో ఎంతుందని అడుగుతోంది.

ఇక సీసా మీది పసుపు, దాల్చినచెక్క సంగతి.

దోశ అంచు ఎర్రగా ఎందుకు కాలుతుంది? పిండిలోని ప్రోటీను, చక్కెరలు పెనం వేడికి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ రంగు, ఆ వాసన, ఆ కరకర అంతా దాని ఫలితమే. 1912లో లూయీ కమీల్ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ చర్యను వివరించాడు. మన ఒంట్లోనూ అదే జరుగుతుంది, కాకపోతే పెనం లేకుండా, నిదానంగా. రక్తంలోని గ్లూకోజు ప్రోటీన్లకు అంటుకుంటుంది. షుగరున్న వాళ్ళందరికీ తెలిసిన ‘మూడు నెలల పరీక్ష’ కొలిచేది దీన్నే. ఎర్రకణంలోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటిందో చూస్తారు. ఎర్రకణం బతికేది సుమారు 120 రోజులు, అందుకే మూడు నెలల లెక్క. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్ అలా కాదు. చర్మంలో ఉన్న కొల్లాజెన్‌లో సగం మారడానికి పదిహేనేళ్ళు పడుతుందని అంచనా. అన్నేళ్ళూ దానికి చక్కెర అంటుతూనే ఉంటుంది. పోగులు ఒకదానికొకటి అతుక్కుని బిర్రబిగుస్తాయి, సాగే గుణం పోతుంది. ముడతకు ఇదొక కారణం.

కొల్లాజెన్ కన్నా ఎక్కువకాలం ఉండేది కంటి కటకం. అందులోని ప్రోటీను పుట్టినప్పుడు వచ్చింది పోయేదాకా ఉంటుంది. ఒంట్లో చక్కెర చేసే చెరుపు చూడాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. తార్నాకలో డాక్టర్ జి. భానుప్రకాశ్ రెడ్డి బృందం ఏళ్ళ తరబడి చూసింది అక్కడే. ఎలుకలకు మధుమేహం కలిగించి, మేతలో వంటింటి దినుసులు కలిపి, కంట్లో శుక్లం ఎప్పుడొస్తుందో గమనించారు. 2005లో అచ్చయిన ప్రయోగంలో మేతలో నూటికి అరపాలు పసుపు కలిపారు. ఎలుకల షుగరు తగ్గలేదు, కానీ శుక్లం ముదరడం ఆలస్యమైంది. అల్లం మీద 2010లో, దాల్చినచెక్క మీద 2013లో ఇలాంటి ఫలితాలే వచ్చాయి. మన పోపులపెట్టెను మైక్రోస్కోపు కింద పెట్టిన మంచి సైన్సు ఇది. పాఠం చెప్పేటప్పుడు నాకు ఒళ్ళు పులకరించేది.

అదే బృందం అంతకుముందు, 2003లో, ఇంకో ప్రయోగం అచ్చువేసింది. దాన్ని సీసాలవాళ్ళు ఎప్పుడూ చెప్పరు. అందులో గెలాక్టోజు అనే చక్కెరతో శుక్లం తెప్పించి, పసుపులోని కుర్కుమిన్‌ను రెండు మోతాదుల్లో ఇచ్చారు. మేతలో 0.002 శాతం ఉన్నప్పుడు శుక్లం ఆలస్యమైంది. దానికి అయిదు రెట్లు, అంటే 0.01 శాతం పెడితే, మొదట్లో కాస్త ఆలస్యమైనా తర్వాత శుక్లం ముదరడం ఇంకా వేగంగా జరిగింది. మేలు చేసిన పదార్థమే మోతాదు పెరిగేసరికి ఎదురు తిరిగింది. ‘నేచురల్ కదా, ఎంత వాడితే అంత మంచిది’ అనేవాళ్ళకు నేను చెప్పేది ఈ ఒక్క ప్రయోగమే. అధిక మోతాదు పసుపు మాత్రలు మింగి కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలోనూ అమెరికాలోనూ వైద్యులు నమోదు చేశారు. మా మామ్మ పప్పులో వేసిన చిటికెడుతో ఎవరి కాలేయమూ చెడలేదు.

మనుషుల మీద చేసిన పని లేకపోలేదు. ఎన్ఐఎన్‌కు తర్వాత డైరెక్టరైన డాక్టర్ కమలా కృష్ణస్వామి, కల్పగం పొలాస తదితరులు 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏళ్ళ తరబడి సిగరెట్లు కాల్చే 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు 30 రోజులు ఇచ్చారు. వాళ్ళ మూత్రంలో జన్యువులను చెడగొట్టే పదార్థాలు తగ్గాయి. ఎవరి మీద? పదహారు మంది మీద. ఎంత? ఒకటిన్నర గ్రాములు. ఎన్నాళ్ళు? ముప్పై రోజులు. దేంట్లో? మూత్రంలో. ముఖంలో అని వాళ్ళు అనలేదు. నిజాయితీ అంటే నాకు కళ్ళముందు మెదిలేది ఆ కాగితం.

నా గొడవ ఇక్కడ మొదలవుతుంది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, మూలికల సారాలు తయారుచేసే ఒక కంపెనీలో సలహాదారుగా చేరాను. పేరు అనవసరం. మామూలు పసుపులో కుర్కుమిన్ నూటికి రెండు నుంచి అయిదు పాళ్ళుంటుంది. దాన్ని ద్రావకాలతో పిండి నూటికి తొంభై అయిదు పాళ్ళ పొడిగా చేసి అమ్మడం వాళ్ళ పని. ఆరెంజి రంగు పొడి, చిటికెడు ముట్టుకుంటే వారం పోదు. పసుపు మీద వచ్చిన పరిశోధనలన్నీ చదివి మూడు పేజీల సారాంశం రాసివ్వమన్నారు. రాశాను. ఒక వాక్యం నాకిప్పటికీ కంఠతా ఉంది: ‘మధుమేహం కలిగించిన ఎలుకల్లో, మేతలో కలిపి ఇచ్చిన పసుపు కంటి శుక్లాన్ని ఆలస్యం చేసింది.’

నెల తిరక్కుండా నున్నటి బ్రోచరు వచ్చింది. ‘వయసు తెచ్చే మార్పులను పసుపు ఆలస్యం చేస్తుందని శాస్త్రవేత్తలు నిరూపించారు’ అని ఉంది. మధుమేహం పోయింది. మేత పోయింది. కన్ను పోయింది. అన్నిటికన్నా ముందు ఎలుకలు పోయాయి. మార్కెటింగ్ కుర్రాణ్ణి పిలిచి అడిగాను.

“మేడమ్, అబద్ధం ఏముంది ఇందులో? మీరు రాసిందే కదా. చిన్నది చేశామంతే. ఎలుకలని రాస్తే ఎవరు కొంటారు మేడమ్?”

కుర్రాడు చెడ్డవాడు కాదు. నన్ను రోజూ బస్టాపు దాకా బండి మీద దింపేవాడు కూడా. వాడి మాటే నాకు మొత్తం వ్యాపారం విప్పి చూపించింది. శాస్త్రవేత్తకు ‘ఎలుకల్లో’ అన్నది ఎముక లాంటిది, అది తీసేస్తే వాక్యం నిలబడదు. అమ్మేవాడికి అది ముల్లు, అది తీస్తే తప్ప గొంతు దిగదు. ఆ నెలాఖరుకు నేను మానేశాను.

కాగితం మీద మాటకు ఎంత విలువుందో మనకు తెలియనిది కాదు. 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయం వైద్యకేంద్రం పసుపుతో గాయాలు మాన్పడం మీద పేటెంటు తీసుకుంది. మన ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. ‘మా అమ్మమ్మ చేసేది’ అంటే పేటెంటు కార్యాలయం వినలేదు. పాత గ్రంథాలు, 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం బల్ల మీద పెడితే విన్నది. అప్పుడు క్లాసులో పిల్లలకు మిఠాయి పంచాను. ఇవాళ మన సీసాలే ఏ కాగితమూ చూపకుండా ‘నిరూపితం’ అంటుంటే, ఆ గెలుపుకు అర్థమేముంది?

మరి ముఖాన్ని ముసలిదాన్ని చేసేది ఏమిటి? ఫిల్మ్‌నగర్‌లో దాని జవాబు ఏ అవుట్‌డోర్ షూటింగ్‌కు వెళ్ళినా కనిపిస్తుంది. షాట్ అయిన మరుక్షణం హీరోయిన్ నెత్తిన పెద్ద గొడుగు విచ్చుకుంటుంది. దాన్ని పట్టుకున్న కుర్రాడు మాత్రం గొడుగు బయట, మండే ఎండలో నిలబడి ఉంటాడు. కృష్ణానగర్ నుంచి చీకటితోనే బస్సెక్కి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు పెళ్ళి సీను కోసం పట్టుచీరల్లో పొద్దుగూకేదాకా ఎండలోనే కూర్చుంటారు. చర్మం వయసు మీద లోకంలో ఉన్న సాక్ష్యంలో అతి గట్టిది సూర్యుడి గురించే. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక ఫోటో వేసింది. 28 ఏళ్ళు ట్రక్కు నడిపిన 69 ఏళ్ళ మనిషి. కిటికీ వైపున్న ఎడమ చెంప గాళ్ళుపడి వేలాడుతోంది, కుడి చెంప దానికన్నా ఎన్నో ఏళ్ళు చిన్నదనిపిస్తుంది. అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం కిటికీ అద్దంలోంచి కూడా దూరి వస్తుంది. మన దేశంలో స్టీరింగు కుడివైపు. మన లారీ డ్రైవర్ల కుడి చెంపలు ఎవరైనా ఫోటో తీస్తే బాగుండును.

కాబట్టి మా ఫిల్మ్‌నగర్ కొండ మీద అసలైన యాంటీ ఏజింగ్ సరుకు గొడుగు. దాని ధర మూడు నాలుగు వందలు. కాకపోతే దాని నీడ ఎవరికి పడుతుందన్నది డబ్బును బట్టి ఉంటుంది.

పెరట్లో దొరికేవాటిని నేను కొట్టిపారేయడం లేదు. సున్నిపిండి నలుగు మట్టిని, జిడ్డును వదిలిస్తుంది. స్నానానికి ముందు నూనె చర్మంలో తేమను నిలుపుతుంది. ఒంట్లో కొల్లాజెన్ అల్లుకోవడానికి సి విటమిన్ కావాలి. ఉసిరికాయ, జామకాయ అది పుష్కలంగా ఇస్తాయి. జామకాయ ఫిల్మ్‌నగర్ బజార్లో తోపుడుబండి మీద ఉప్పూకారం జల్లి ఇస్తారు. చారులో పసుపుతో పాటు మిరియాలు వేస్తాం కదా, బెంగళూరులో 1998లో చేసిన అధ్యయనంలో, రెండు గ్రాముల కుర్కుమిన్‌తో మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు, మనుషుల రక్తంలోకి కుర్కుమిన్ చేరడం ఇరవై రెట్లు పెరిగింది. అంటే వట్టి కుర్కుమిన్ మింగితే ఒంటికి అందేది బహు స్వల్పం. అయినా చారు రుచి కోసం తాగండి. ముడతల కోసం తాగొద్దు.

నేను కోరేది చిన్న మార్పు. ఆహార పొట్లాల మీద కేలరీలు, ఉప్పు, చక్కెర అచ్చు వేయించగలిగాం. ‘నిరూపితం’ అని రాసే ప్రతి సీసా మీదా మూడు జవాబులు అచ్చు వేయించలేమా? ఎవరి మీద? ఎంత? ఎన్నాళ్ళు? ‘ఎలుకల మీద, మేతలో అరశాతం, ఇన్ని వారాలు’ అని రాసి అమ్ముకోండి, కొనేవాళ్ళు కొంటారు. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం మన దేశంలో 2014లోనే నిషేధించారు, మంచిదే. కుందేలు బొమ్మ చట్టం ఎలాగూ అడిగేదాన్నే చెబుతోంది. ఆ స్థలంలో ఈ మూడు జవాబులు పడతాయి.

చట్టం పూర్తిగా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించిన తారకు కూడా పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా. కొంతకాలం ప్రకటనల్లో కనిపించకుండా నిషేధమూ పెట్టొచ్చు. అయితే సరుకు గురించిన మాట నిజమో కాదో ముందే శ్రద్ధగా విచారించానని చూపగలిగితే ఆ తారకు శిక్ష లేదు. ఆ విచారణ ఎలా చేయాలో జూబ్లీహిల్స్ తారలకు ఉచితంగా చెబుతాను. సంతకం పెట్టేముందు ఆ మూడు ప్రశ్నలు అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి. మీ మొహం చూసి రెండు వేల నాలుగు వందలు పెట్టేది జీతం రోజుల లెక్కన అందే మూడో అంతస్తు పిల్ల.

ఆ ఆదివారం నేను ఆ పిల్లకు చెప్పింది ఇంతే: ఎండలో ఉన్నప్పుడు గొడుగు నీకూ పట్టమను, ఎండను ఆపే క్రీము మంచిది చూసి రాసుకో, సిగరెట్టు పొగ దగ్గరికి పోకు, నిద్రపో. నిద్రపో అన్నప్పుడు నవ్వింది. ఆమె కాల్షీట్ పొద్దున ఆరింటికి.

“మరి ఈ సీసా ఏం జెయ్యాలె ఆంటీ?”

“అమ్మినవాళ్ళను మూడు ప్రశ్నలు అడుగు” అని కాగితం మీద రాసిచ్చాను. అప్పుడే ఫోనులో మెసేజీ కొట్టింది. ఎవరి మీద పరీక్షించారు, ఎంత వాడారు, ఎన్నాళ్ళు చూశారు. నేను కాఫీ కలిపి తెచ్చేలోపే జవాబు వచ్చేసింది. ఫోను నా చేతికిచ్చింది.

‘100 శాతం నేచురల్ మేడమ్. ఇవాళే ఆర్డర్ పెడితే 20 శాతం తగ్గింపు.’